కృష్ణాతీరమున పత్తి పంట : నాటి లెక్కయు నేటి లెక్కయు

విజయవాడ పట్టణమునకు తూర్పున, ఆటోనగరు చెంతగా రెండు పెద్ద బాటలు పోవుచున్నవి. ఒకటి చెన్నపట్టణమును కలకత్తాను కలుపు జాతీయ రహదారి. రెండవది బందరు రోడ్డు. 1966 లో ఆటోనగరు వెలసిన నాటినుండి ఇచ్చట కట్టిన లారీలును, బాగుచేసిన లారీలును ఈ బాటల వెంట నలుదెసలకు సరకులు మోయుచున్నవి. ఆ సరకులలో గుంటూరు మిల్లులలో బిగించిన పత్తిబేళ్లు ఒకటి. లారీలు లేని కాలమున, ఎడ్లబండ్ల మీద బందరు రేవునకు పోయిన సరకులలో ముఖ్యమైనదియు పత్తియే. అయితే నాడది బేలుగా పోలేదు, బట్టగా పోయెను. బట్టగా పోయిన పత్తికిని బేలుగా పోవు పత్తికిని గల భేదమునందే ఈ సీమ పత్తిరైతు చరిత్ర చాలవరకు ఇమిడి యున్నది.

ఇటీవల సేంద్రియపు పత్తి అను మాట తరచుగ వినవచ్చుచున్నది. ఇది దొరల దేశములనుండి వచ్చిన క్రొత్త వేడుక యని కొందరును, తాతలనాటి చాదస్తమని కొందరును తలచుచున్నారు. రెండును సరియైన తలంపులు గావు. పంటను ఎకరమునకు ఎన్ని క్వింటాళ్లు పండెనని కొలుచుట లోకమున వాడుక. కాని పద్దు వ్రాయువాడు జమను మాత్రమే చూచి లెక్క ముగింపడు. ఖర్చును వ్రాసి, అప్పును వ్రాసి, నిలువను తేల్చును. పత్తి విషయమున ఆ నిలువ ఏ కాలమున ఎవరి యింట మిగిలినదో, ఏ కాలమున ఊరు దాటి పోయినదో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

పూర్వపు పద్దు

సంస్కృతమున కార్పాసమనియు, తెలుగున ప్రత్తి, పత్తి యనియు పిలువబడు ఈ పంట ఆంధ్రదేశమునకు క్రొత్తది గాదు. శాతవాహన ప్రభువైన హాలుడు కూర్చిన గాథాసప్తశతిలో పత్తిచేల ప్రసక్తి కలదు. క్రీస్తు తరువాత మొదటి శతాబ్దిలో గ్రీకు నావికుడొకడు వ్రాసిన ఎరిత్రియన్ సముద్ర యాత్రాగ్రంథమున మసాలియా యను తీరసీమ పేర్కొనబడినది. అచ్చట సన్నని బట్టలు మిక్కిలిగ తయారగునని అతడు వ్రాసెను. ఆ మసాలియా మన మచిలీపట్టణ ప్రాంతమేయని చరిత్రకారుల అభిప్రాయము. పాల్కురికి సోమనాథుడు తన కావ్యములలో వరుసగ చెప్పిన వస్త్రముల పేర్లు చదివినచో, అన్ని రకముల బట్టలు ఒక భాషలో పేర్లు గలిగి యుండుట ఎట్టి సంపదయో తెలియగలదు.

కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్ది నడుమ మోటుపల్లి రేవున ఓడవర్తకులకు అభయశాసనము వేయించెను. గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు హరించు పద్ధతిని మానిపి, నిర్ణీతమైన సుంకము మాత్రమే గొనునట్లు శాసించెను. రుద్రమదేవి యశస్సును విని వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యపు బట్టలు సాలెగూటి దారమువలె నుండునని మెచ్చుకొనెను. 1611 లో ఆంగ్లేయులు మచిలీపట్టణమున దిగిరి. డచ్చివారు అంతకు కొలది యేండ్లకు పూర్వమే వచ్చిరి. వారందరు వచ్చినది బట్టల కొరకే. చిరువేరు ఎరుపుతో అద్దిన బందరు కలంకారీలు పారశీకమువరకు పోయెడివి.

ఈ బట్టకు మూలమైన పత్తి ఎట్లు పండెడిది? కృష్ణకు ఇరువైపుల మెట్టసీమలలో, పల్నాడు, సత్తెనపల్లి, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో నల్లరేగడి నేలలు కలవు. ఆ నేల వాననీటిని చాలకాలము తనలో దాచుకొనును. నాటుపత్తి వేరు లోతునకు పోయి ఆ చెమ్మను అందుకొనును. పింజ పొట్టిది, దిగుబడి తక్కువ. కాని వాన తప్పినను నిలుచును, పురుగునకు అంత త్వరగ లొంగదు. సాళ్ల నడుమ జొన్నయో, కందియో, కొఱ్ఱయో వేసెడివారు. పత్తి పోయినను గింజ దక్కును. గింజ పోయినను పత్తి దక్కును. వేసవిలో చేనియందు గొఱ్ఱెలమందను కట్టెడివారు. పెంటయెరువు తోలెడివారు. విత్తనము గాదెలోనిదే.

ఈ పద్దులో ఖర్చు వ్రాయదగిన పైకము బహు తక్కువ. జమయో, ఊరిలోనే పదిచోట్ల పంచబడెడిది. పత్తి తీసిన స్త్రీలకు పాలు. గింజ వేరుచేసిన ఇంటికి కూలి. గింజ ఎడ్లకును పాడిగేదెలకును దాణా. దూదేకులవారు ఏకి యిచ్చిన ఏకులను అన్ని కులముల స్త్రీలు రాట్నముల మీద వడికెడివారు. సాలెలు, దేవాంగులు సన్నబట్ట నేసెడివారు. మాలపల్లెల మగ్గముల మీద ఊరందరు కట్టు ముతకబట్ట తయారయ్యెడిది. కంపకొట్టిన పత్తికట్టె పొయ్యిలోనికి. ఇట్లు చేనినుండి మగ్గము వరకు ఆరేడు చేతులు మారి, ప్రతిచేతికిని కొంత మిగిల్చి, సరకు ఊరు దాటెడిది.

అట్లని పూర్వకాలమంతయు స్వర్ణయుగమని వ్రాయుట సత్యమునకు విరుద్ధము. తన మగ్గముతో ఊరికి బట్ట కట్టినవాడు ఊరి బావిలో చేద వేయుటకు నోచుకొనలేదు. కుంపిణీ దుబాసీలు ముందుగ పైకమిచ్చి నేతగాండ్రను అప్పున బంధించిరి. వాన లేనప్పుడు రాట్నము కూడు పెట్టలేదు. 1832-33 నాటి డొక్కల కరువున గుంటూరు సీమలో లెక్కకు మిక్కిలిగ జనము నశించిరి. నాటి సేద్యమున గొప్పది లాభము గాదు. ఖర్చు ఊరు దాటకుండుట మాత్రమే.

బట్ట పోయి బేలు వచ్చుట

19వ శతాబ్దిలో ఈ కట్టు సడలెను. ఇంగ్లండు మిల్లుబట్ట దిగుమతియై రాట్నములు అటకెక్కినవి. 1855 నాటికి విజయవాడ కడ కృష్ణపై ఆనకట్ట పూర్తియయ్యెను. కాలువ పారిన పల్లమంతయు వరిమాగాణి యయ్యెను. పత్తి మెట్టకే పరిమితమయ్యెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమువలన లాంకషైరు మిల్లులకు పత్తి కరవయ్యెను. హిందూదేశపు పత్తి ధర ఆకాశమునంటెను. యుద్ధము ముగియగానే ఆ ధర నేలకు దిగెను. ఎన్నడు చూడని దూరదేశమున తుపాకి మ్రోగినను ఆగినను ఆ ఫలితము తన చేనికి తగులునని మెట్టరైతు తెలిసికొన్నది అప్పుడే. ఆ నడుమనే 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెనలో బందరున సుమారు ముప్పదివేలమంది మరణించిరి. ఆ రేవు మరల పూర్వవైభవమును పొందలేదు. గుంటూరు, కృష్ణా మండలముల ఎఱ్ఱచాయ పత్తికి కాకినాడ రేవు పేరే వ్యాపారనామమై, కోకనాడ పత్తియని అది విదేశములలో అమ్ముడుపోయెను.

ఈ నష్టమును ముందుగ గుర్తించిన ఆంధ్రులలో బందరు చెంత భట్లపెనుమఱ్ఱున జన్మించిన పింగళి వెంకయ్య గారు ముఖ్యులు. జాతీయపతాక రూపకర్తగనే వారిని లోకమెఱుగును. మునగాల సంస్థానమున నుండి పత్తిరకములపై పరిశోధనలు సాగించి, కంబోడియా పత్తిని పండించి, పత్తి వెంకయ్యయని పేరుగాంచిరన్న సంగతి పలువురెఱుగరు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము విజయవాడలో సమావేశమై, తిలక్ స్వరాజ్యనిధికి కోటిరూపాయలు కూర్చుటతోబాటు ఇరువదిలక్షల రాట్నములు నెలకొల్పవలెనని తీర్మానించెను. వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జెండాను సమర్పించినదియు ఆ సందర్భముననే. ఆ జెండా నడుమ నిలిచినది రాట్నము. పత్తి ఊరిలోనే బట్ట కావలెనన్న కోరిక జెండామీదికి ఎక్కినది ఈ నగరముననే యన్నమాట.

ఇంకొక విశేషము. సేంద్రియవ్యవసాయమునకు ఆధునికశాస్త్ర రూపము గూడ పత్తిచేనియందే కలిగెను. 1924 లో కేంద్ర పత్తిసంఘము ధనసహాయముతో ఇందూరున వృక్షపరిశోధనాలయము నెలకొనెను. దానికి అధిపతియైన ఆల్బర్టు హోవార్డు దొర మనదేశపు రైతులనే తన గురువులుగ భావించి, చెత్తయు, పేడయు, మన్నును పొరలుగ పేర్చి మాగవేయు పద్ధతిని అచ్చట స్థిరపరచెను. అదియే ఇందూరు కంపోస్టు. 1940 లో అతడు ప్రకటించిన గ్రంథము నేటికిని సేంద్రియవాదులకు ప్రమాణము. కనుక ఇది దొరలు మనకు నేర్పిన విద్యయనుట పొరపాటు. మనరైతు చేసినదానిని చూచి ఒక దొర శాస్త్రముగ వ్రాసికొనెను.

మందుల పద్దు

1967 లో నాగార్జునసాగరము నీరు విడుదలయ్యెను. 1970 లో సూరతున హెచ్-4 అను మొదటి సంకరపత్తి వెలువడెను. 1972 లో ధార్వాడనుండి వరలక్ష్మి వచ్చెను. పింజ పొడవు, దిగుబడి అధికము, ధర మెండు. పత్తికి తెల్లబంగారమను పేరు వచ్చెను. కోస్తారైతులు పలువురు వరంగల్లు, ఖమ్మము మొదలగు సీమలకు వలసపోయి నల్లరేగడులను కొని, కౌలునకు తీసికొని పత్తి సాగుచేసిరి. మేడలు లేచినవి, బిడ్డలు పెద్దచదువులు చదివిరి. ఆ పంట పెట్టిన అన్నమును కాదనుట కృతఘ్నత.

అయితే పద్దు మారినది. సంకరవిత్తనమును దాచి మరల విత్తిన ఫలింపదు, ఏటేట కొనవలెను. అది ఎరువును కోరును, నీటిని కోరును. పచ్చగ ఏపుగ పెరిగిన చేనికి పురుగు పిలువనిదే వచ్చును. 1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడ్లను క్రొత్తమందులు వచ్చెను. మొదట పురుగు రాలెను. దానితోబాటు పురుగును తిను పురుగులును రాలెను. 1980 దశకము నడుమ గుంటూరు, ప్రకాశము జిల్లాల చేలపై తెల్లదోమ విరుచుకొనిపడెను. 1987-88 లో శనగపచ్చపురుగు మందులకు లొంగక కాయలను తొలిచివేసెను. అప్పులపాలైన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. 1997-98 లో వరంగల్లు జిల్లాలో అదియే మరల జరిగెను. పురుగును చంపుటకు తెచ్చిన డబ్బాయే రైతు చావునకు సాధనమగుట ఈ దేశచరిత్రలో మాయని మచ్చ. దేశపు సాగుభూమిలో ఇరువదింట ఒకవంతు మాత్రమే యున్న పత్తి, దేశమున చల్లిన పురుగుమందులలో సగమువరకు త్రాగుచుండెనని నాటి లెక్కలు చెప్పుచున్నవి.

దీనికి పురుగును మాత్రమే నిందించి లాభము లేదు. విత్తనమిచ్చువాడు, ఎరువిచ్చువాడు, మందిచ్చువాడు, ఏ మందు చల్లవలెనో చెప్పువాడు, అప్పిచ్చువాడు, తుదకు పత్తి కొనువాడు తరచుగ ఒక్కడే యయ్యెను. సలహాదారునకు సరకు అమ్ముడుపోవుటలో లాభమున్నప్పుడు సలహా ఎట్లుండునో వేరుగ చెప్ప నక్కరలేదు. కౌలురైతు స్థితి మరింత దుర్భరము. అతడు కౌలును ముందుగనే రొక్కముగ చెల్లించును. భూమి అతని పేరలేదు గనుక బ్యాంకు అప్పు పుట్టదు, నష్టపరిహారము రాదు. సంకరవిత్తనముల క్షేత్రములలో పూవు పూవునకు చేతితో పుప్పొడి అద్దవలెను. కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో ఆ పనికి బడియీడు బాలికలను పెట్టిరి. ఇవి ఏ పద్దులోనికి ఎక్కని ఖర్చులు.

2002 లో బి.టి. పత్తికి కేంద్రప్రభుత్వము అనుమతినిచ్చెను. కాయతొలుచు పురుగు మొదట తగ్గినమాట నిజము, మందుఖర్చును తగ్గెను. కాని 450 గ్రాముల విత్తనపు పొట్లము 1,600 రూపాయలకు మించి పలికెను. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక సంఘమున వ్యాజ్యము వేసి, 2006 లో ఆ ధరను 750 రూపాయలకు దింపించెను. విత్తనపు ధరకై ప్రభుత్వము వ్యాజ్యమాడవలసి వచ్చెనన్న ఒక్క విషయమే గాదె ఎంత ఖాళీయయ్యెనో తెల్పుచున్నది. పిదప కొన్నియేండ్లకు గులాబిరంగు పురుగు ఆ విత్తనమునకును అలవాటుపడెను; మందుడబ్బా మరల చేనికి వచ్చెను.

మరల నేలవైపు

ఈ కష్టములనుండియే తిరుగుబాట పుట్టెను. నాటి ఖమ్మము జిల్లా పాల్వంచకు చేరువనున్న పునుకుల గ్రామమున కొలదిమంది రైతులు మందులు మాని సేద్యము చేసి చూపిరి. పొదుపుసంఘముల స్త్రీలు దానిని తమ భుజములపై వేసికొనిరి; మందు చల్లి సొమ్మసిల్లిన మగనిని మోసికొనివచ్చినది, ఇంటి నగలను తాకట్టున చూచినది వారే గదా. 2004 నాటికి ఆ ఊరు పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించుకొనెను. నాటి వరంగల్లు జిల్లాలోని ఏనబావి, సుమారు ఏబది కుటుంబముల చిన్నపల్లె, 2006 లో రసాయనఎరువులను గూడ విసర్జించి సేంద్రియగ్రామమయ్యెను. 2004 లో ఆరంభమైన చేతన ఆర్గానిక్ సంస్థ ఆదిలాబాదు మెట్టలలోని చిన్నరైతులను కూర్చి సేంద్రియపత్తిని విదేశపు కొనుగోలుదారుల వరకు చేర్చెను. ఆంధ్రప్రదేశమున 2016 నుండి రైతుసాధికారసంస్థ ఆధ్వర్యమున ప్రకృతివ్యవసాయము గ్రామగ్రామమున ప్రచారమగుచున్నది.

వారు చేయునది మంత్రము గాదు. వేసవిలో లోతుగ దున్నినచో నేలలోని పురుగుకోశములు ఎండకు మాడును, పక్షుల పాలగును. గట్టున ఆముదము వేసినచో పొగాకులద్దెపురుగు పత్తిని విడిచి దానిపై గ్రుడ్లు పెట్టును. ఆ ఆకును త్రుంచివేసిన చాలును. బంతిపూవు శనగపచ్చపురుగును ఆకర్షించును. చేనిచుట్టు జొన్నసాళ్లు దోమకు గోడగ నిలుచును. అలసంద సాళ్లలో పేనుబంకయు, దానిని తిను అక్షింతలపురుగులును పెరిగి, పత్తికి కావలి యగును. జిడ్డు పూసిన పసుపుపళ్లెములకు తెల్లదోమ అంటుకొనును. ఐదుకిలోల వేపగింజల పొడిని నూరులీటర్ల నీట నానవేసి వడగట్టి చల్లుదురు. పదికిలోల పేడ, పదిలీటర్ల మూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, పిడికెడు గట్టుమన్ను రెండువందల లీటర్ల నీట కలిపి మురుగబెట్టిన జీవామృతము ఎకరమునకు సరిపోవును. ఇందు కొనదగినవి బెల్లమును పిండియు మాత్రమే, తక్కినవి ఊరిలోనివే. పూర్వపు పద్దు మరల తెరువబడినదన్న మాట.

నేటి లెక్క

అయినను సేంద్రియము చేపట్టిన మరునాడే సిరి కురియునని చెప్పుట రైతును మరల మోసగించుటయే. మొదటి రెండు మూడేండ్లు దిగుబడి తగ్గును. ధ్రువపత్రము కావలెనన్నచో మారుదలకాలము గడువవలెను. ఆ కాలమున ఖర్చు సేంద్రియపుది, ధర మామూలుది. బి.టి. విత్తనము సేంద్రియనియమములకు విరుద్ధము. దేశమున పత్తివిస్తీర్ణములో తొమ్మిదిపాళ్లకు పైగా బి.టి. ఆక్రమించుటచేత నాటువిత్తనము, బి.టి. కాని విత్తనము దొరకుటయే దుర్లభమైనది. ప్రక్కచేని పుప్పొడి తేనెటీగ కాలున వచ్చి చేరును. చిన్నమొత్తమున వచ్చు సేంద్రియపత్తిని వేరుగ జిన్ను ఆడించు మిల్లు కావలెను. ఇక ధ్రువపత్రములలోనే మోసములు జరిగినవి. 2020 లో మనదేశపు సేంద్రియపత్తి పేర పెద్దయెత్తున నకిలీపత్రములు బయటపడి నిజాయితీరైతునకును చెడ్డపేరు తెచ్చినవి.

వీటన్నిటికంటె పెద్ద చిక్కు భూమిది. నేల బాగుపడుటకు మూడు నాలుగేండ్లు పట్టును. కృష్ణా, గుంటూరు సీమలలో దున్నువాడు పెక్కుచోట్ల కౌలుదారు; అతని ఒప్పందము నోటిమాట, గడువు ఏడాది. ఈ యేడు అతడు పోసిన ఎరువు వచ్చుయేడు ఎవని పంటకో బలమగును. అట్టివాడు నేలకు పెట్టుబడి ఎందులకు పెట్టును? 2011 నాటి చట్టమును, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టమును కౌలుదారునకు గుర్తింపుకార్డు నియ్యజూచినవి. రెండవది భూయజమాని సంతకమును కోరుటతో ఆ కార్డు చాలమందికి అందలేదు. కనుక సేంద్రియసేద్యము కేవలము పేడయు వేపగింజయు గాదు. అడంగలులో ఎవని పేరు వ్రాయబడునన్న ప్రశ్న గూడ. మూడేండ్లకు తక్కువ గాని వ్రాతకౌలు లేనిచో, సేంద్రియము సొంతభూమి గలవాని వ్రతముగనే మిగిలిపోవును.

పత్తి బేలుగా పోవునంతకాలము రైతునకు వచ్చునది మొదటిపాలు మాత్రమే. శ్రీకాకుళపు సీమయందు పొందూరున నేటికిని వానకు పండిన కొండపత్తిని, పునాసపత్తిని వాలుగచేప దవడతో దువ్వి, వడికి, సన్నఖాదీ నేయుచున్నారు. గాంధీమహాత్ముడు మెచ్చిన బట్ట అది. మల్ఖా యను ప్రయత్నమున, పత్తిని బేలుగ బిగింపకయే చిన్నయంత్రములపై వడికి చేమగ్గమున కందించిరి. ఇవి చిన్నవి, మిల్లులతో పోటీపడజాలవు. కాని చేనికిని మగ్గమునకును తెగిన దారమును ముడివేయవచ్చునని చూపినవి.

ఈ లెక్కను మూడు మాటలలో తేల్చవచ్చును. పూర్వపు పద్దున జమ తక్కువ, ఖర్చు తక్కువ, నిలువ ఊరిలో నుండెను. కాని ఆ నిలువను ఊరు న్యాయముగ పంచలేదు. నడిమి పద్దున జమ ఎక్కువ, ఖర్చు అంతకంటె ఎక్కువ, నిలువ ఊరు దాటెను. సేంద్రియపు పద్దున జమ మధ్యమము, ఖర్చు తక్కువ. నిలువ ఎవరికి చెందవలెనో తేల్చుట ఈ తరమువారి పని. విత్తనము, వ్రాతకౌలు, వేరుజిన్ను, చేరువమగ్గము అను నాలుగును సమకూరినచో అది దున్నినవానికి చెందును. లేనిచో క్రొత్తపేరుతో పాతకథయే నడచును.

గ్రంథాలయము పుస్తకములు దాచు చోటు మాత్రమే గాదు. సాయంకాలము పత్రిక చదువ వచ్చు రైతులు ఏటేట తమ పత్తి జమాఖర్చులను, చల్లినవానిని, చల్లనివానిని, కట్టిన కౌలును, మిగిలిన నిలువను ఒక పుస్తకమున వ్రాసి ఈ బీరువాలో ఉంచినచో, స్వర్ణోత్సవము నాటికి అంతకంటె విలువైన గ్రంథము ఇచ్చట మఱియొకటి యుండబోదు. వ్రాసికొనని లెక్కయే ఈ రైతును ఇన్నాళ్లు ముంచినది.